కొండ అవతల చూసి వచ్చే చిన్న నిఘా డ్రోన్లు: ఏ దేశానిది ఎంత పనికొస్తుంది? ఒక సర్వే పైలట్ రివ్యూ

ముందే చెప్పేస్తున్నాను, నేను మిలిటరీ మనిషిని కాదు. భూముల సర్వే పనుల్లో డ్రోన్ ఎగరేస్తుంటాను, లైసెన్స్ ఉంది, పని ఎక్కువున్న రోజుల్లో ఆరేడు బ్యాటరీలు ఖాళీ అవుతాయి. కానీ మా బాబాయి కొడుకు ఆర్మీలో ఉన్నాడు. ఎత్తైన చోట డ్యూటీ, ఎక్కడ, ఏ యూనిట్ అన్నది ఇక్కడ రాయను. సెలవు మీద వచ్చినప్పుడల్లా వాడు నా డ్రోన్ పెట్టె చుట్టూనే తిరుగుతుంటాడు. ఒకసారి సంక్రాంతికి వచ్చినప్పుడు మేడ మీద కూర్చుని మాట్లాడుతూ, "కొండ అవతల ఏముందో చూడాలంటే ఒకప్పుడు మనిషే వెళ్లాలి అన్నయ్యా, వెళ్లినవాడు తిరిగొస్తే తెలిసేది" అన్నాడు. ఆ మాట నాలో అలాగే ఉండిపోయింది. అప్పట్నుంచి వేర్వేరు దేశాల సైన్యాలు వాడే చిన్న నిఘా డ్రోన్ల గురించి దొరికిందల్లా చదువుతున్నాను, దొరికిన వీడియోలన్నీ చూస్తున్నాను, నా పనిలో నాకు ఎదురైన కష్టాలతో పోల్చుకుంటున్నాను.

అందుకే ఈ రివ్యూలో నాకున్న కొలత ఒక్కటే: వీటిలో ఏది మా తమ్ముడి చేతిలో ఉంటే నాకు కాస్త ధైర్యంగా ఉంటుంది? రన్‌వే మీద లేచే హెరాన్ లాంటి పెద్ద డ్రోన్ల జోలికి పోవడం లేదు. రన్‌వే అక్కర్లేకుండా, ఒకళ్లో ఇద్దరో మోసుకెళ్లి ఎగరేసేవే తీసుకున్నాను. రష్యా వాళ్ల ఓర్లాన్ ఒక్కటి మాత్రం ఈ గీత కొంచెం దాటుతుంది, కానీ దాన్ని వదిలేసి ఈ విషయం మాట్లాడలేం.

అందరూ మొదట అడిగేది బ్లాక్ హార్నెట్ గురించే కాబట్టి దాంతోనే మొదలుపెడతాను. నార్వేలో ప్రాక్స్ డైనమిక్స్ అనే చిన్న కంపెనీ తయారుచేసింది, 2016లో ఆ కంపెనీని అమెరికా వాళ్ల ఫ్లిర్ కొంది, 2021లో ఫ్లిర్‌ను టెలిడైన్ కొంది. మూడో తరం బ్లాక్ హార్నెట్ బరువు 33 గ్రాములు. ఈ అంకె ఎంతో చేతికి తెలియాలని వంటింట్లో ఉన్న చిన్న తూకం మీద ఒక నిమ్మకాయ పెట్టి చూశాను, 36 చూపించింది. అంటే నిమ్మకాయకన్నా తేలికైన హెలికాప్టర్‌లో పగటి కెమెరా, వేడిని పసిగట్టే థర్మల్ కెమెరా, రేడియో, బ్యాటరీ అన్నీ ఇమిడ్చి, 25 నిమిషాలు గాల్లో ఉంచి, 2 కిలోమీటర్ల దూరం నుంచి వీడియో పంపేలా చేశారు. మనం రోజూ చూసే డ్రోన్లకు ఉన్నట్టు నాలుగు రెక్కలు ఉండవు దీనికి. నిజం హెలికాప్టర్‌లాగే పైన ఒక రోటర్, తోక దగ్గర చిన్నది ఇంకొకటి. ఇంత చిన్న సైజులో నాలుగు చిన్న ఫ్యాన్లు గిరగిరా తిప్పడం కన్నా ఒక్క పెద్ద ఫ్యాన్ నెమ్మదిగా తిప్పితే బ్యాటరీ తక్కువ తింటుంది, చప్పుడూ తక్కువే. వీడియోల్లో చూస్తే జేబులో పట్టేంత వస్తువు సైనికుడి అరచేతిలోంచి లేచి వెళ్లిపోతుంది. చూసిన మొదటిసారి నేను వీడియో ఆపి ఆపి నాలుగుసార్లు చూశాను.

బ్రిటిష్ సైన్యం 2013 నాటికే దీని తొలి మోడల్‌ను అఫ్గానిస్థాన్‌లో, హెల్మండ్ ప్రాంతంలో వాడింది. అక్కడి ఇళ్లకు ఎత్తైన మట్టి ప్రహరీలు, లోపల ఎవరున్నారో బయటికి తెలీదు. గోడ మీదుగా తొంగి చూడటం, మూల తిరిగే ముందు అవతల చూసుకోవడం, ఇదీ దాని పని. ఆ పనికి ఇంతకు మించిన వస్తువు నాకు కనపడలేదు. 2022 ఆగస్టులో బ్రిటన్, నార్వే కలిసి ఉక్రెయిన్‌కు 850 దాకా ఇస్తామని ప్రకటించాయి.

మరి లోటు లేదా అంటే, ఉంది. మొదటిది గాలి. అర కిలో డ్రోన్‌ను కూడా గాలి ఎలా తోసేస్తుందో నాకు రోజూ అనుభవమే, ఇక 33 గ్రాముల సంగతి చెప్పేదేముంది. నాలుగో తరం వచ్చేసరికి వాళ్లే బరువును 70 గ్రాములకు పెంచారు, ఎగిరే సమయం అరగంట దాటింది, గాలికి తట్టుకోవడం మెరుగైంది. రెండోది ధర. బ్రిటన్ మొదట్లో 160 యూనిట్ల కోసం 2 కోట్ల పౌండ్ల కాంట్రాక్టు ఇచ్చిందని అప్పటి వార్తలు. అందులో శిక్షణ, మెయింటెనెన్స్ లాంటివి కలిసే ఉండొచ్చు, అయినా సరే, ఇది పోతే పోయిందిలే అనుకునే రేటు మాత్రం కాదు. గోడ అవతలికి చూడ్డానికి పదికి తొమ్మిది ఇస్తాను. కొండ అవతలికి మాత్రం ఇది చాలదు.

ఇక అమెరికా వాళ్ల రావెన్. ఏరోవైరాన్‌మెంట్ కంపెనీది, 2 కిలోల లోపు బరువు, రెక్కల పొడవు 1.4 మీటర్లు, గంట నుంచి గంటన్నర దాకా ఎగురుతుంది, 10 కిలోమీటర్ల దూరం. ఇరవయ్యేళ్లుగా చాలా దేశాల సైన్యాలకు చేతిలో డ్రోన్ అంటే ఇదే. దీన్ని విసరాలి. విమానం బొమ్మను పిల్లలు విసిరినట్టు తల వెనక్కి ఎత్తిపట్టి, రెండడుగులు పరిగెత్తి వదలాలి. నేను కూడా కొన్నాళ్లు ఇలా విసిరే సర్వే డ్రోన్ వాడాను కాబట్టి ఆ క్షణం తెలుసు. వేళ్లు వదిలాక అది ముందు కాస్త కిందికి జారుతుంది, గుండె ఆగినంత పనవుతుంది, మరుక్షణం మోటారు పట్టుకుని పైకి లాగుతుంది. ఎదురుగాలి చూసుకోకపోతే ముక్కు నేలకు కొడుతుంది.

రావెన్ దిగే పద్ధతి ఇంకా విచిత్రం. చక్రాల్లేవు, పారాచూట్ లేదు. మోటారు ఆపి, ముక్కు పైకెత్తి, నిట్టనిలువుగా జారుతూ వచ్చి నేల మీద పడుతుంది. పడగానే రెక్కలు ఒకవైపు, తోక ఒకవైపు ఊడిపోతాయి. చూసినవాళ్లు అయ్యో విరిగిపోయిందే అనుకుంటారు గానీ అది కావాలని చేసిన డిజైన్. ముక్కలుగా విడిపోవడంలోనే దెబ్బ ఊపంతా ఖర్చైపోతుంది, మళ్లీ బిగిస్తే ఎగరడానికి రెడీ. బురదలో, రాళ్లలో, ఎక్కడైనా దింపుకోవచ్చు. నా సర్వే డ్రోన్ పొట్ట మీద జారుతూ దిగేది, దానికి యాభై అరవై మీటర్ల చదును నేల కావాలి. ఒకసారి చదును దొరక్క మొక్కజొన్న చేలోకి దింపాను, రెక్క చీలింది, రైతుకు నష్టం కట్టాను. ఆ రోజు రావెన్ తయారుచేసిన వాళ్ల తెలివి నాకు పూర్తిగా అర్థమైంది.

కానీ రావెన్‌ను అసలు దెబ్బతీసింది దిగడం కాదు, రేడియో. అమెరికా ఉక్రెయిన్‌కు 72 రావెన్లు ఇచ్చింది, పాత అనలాగ్ రకం. వాటి వల్ల పెద్దగా ఉపయోగం లేకపోయిందని, రష్యా వైపు వాళ్లు సిగ్నల్‌ను సులువుగా జామ్ చేస్తున్నారని, అంటే అడ్డుకుంటున్నారని, మధ్యలోనే పట్టేసుకుంటున్నారని 2016 చివర్లో రాయిటర్స్ రాసింది. అంటే గాల్లోకి లేచిన డ్రోన్, ఎగరేసినవాళ్లు ఎక్కడున్నారో శత్రువుకు చెప్పే ప్రమాదం కూడా ఉందన్నమాట. ఆ వార్త చదివాక నాకు చాలాసేపు మా తమ్ముడే గుర్తొచ్చాడు. 2024 ఫిబ్రవరిలో అమెరికా సైన్యం రావెన్‌ను పక్కన పెడుతున్నట్టు ప్రకటించింది.

ఈ జామింగ్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మామూలు రివ్యూల్లో కెమెరా, జూమ్, బ్యాటరీ అంటూ రాసుకుపోతారు, దీని దగ్గరికొచ్చేసరికి ఒక్క లైన్‌తో సరిపెడతారు. ఒకసారి జీడిమామిడి తోటల అవతల సర్వే చేస్తున్నాను. చెట్ల వరుస దాటగానే స్క్రీన్ మీద బొమ్మ ముందు గళ్లుగళ్లుగా మారింది, తర్వాత ఆగిపోయింది, తర్వాత సిగ్నల్ లేదని ఎర్ర అక్షరాలు. ఒళ్లంతా చెమట. నలభై సెకన్ల తర్వాత చెట్ల మీదుగా అదే తిరిగొచ్చింది, ఎందుకంటే లింక్ తెగితే బయల్దేరిన చోటికి వచ్చేయమని ముందే పెట్టి ఉంచాను. ఇప్పుడు ఆలోచించండి. అది తిరిగొచ్చింది జీపీఎస్ ఉంది కాబట్టి. యుద్ధంలో శత్రువు రేడియో లింక్‌తో పాటు జీపీఎస్‌ను కూడా మూసేస్తాడు. అప్పుడు ఇంటికి దారి ఎవరు చెప్పాలి? కింద నేలను కెమెరాతో చూసుకుంటూ, గుర్తులు పట్టుకుంటూ తనంతట తాను రాగలగాలి. ఈ ఒక్క గుణం లేని డ్రోన్‌కు మిగతా ఎన్ని హంగులున్నా నేను ఐదు దాటి మార్కులు వేయను.

ఓర్లాన్-10 దగ్గరికొస్తే, ఇది రష్యాది, 15 కిలోల చుట్టూ బరువు, మూడు మీటర్ల రెక్కలు, పెట్రోలు ఇంజిన్. పెద్ద రబ్బరు తాడు లాంటి దాంతో లాగి వదులుతారు, పారాచూట్‌తో దిగుతుంది. కంపెనీ చెప్పేది 16 గంటలు గాల్లో ఉంటుందని. బ్యాటరీ డ్రోన్లు నడిపే నాకు పదహారు గంటలు అనే మాట వింటేనే అసూయ పుడుతుంది. 2022 ఏప్రిల్‌లో ఉక్రెయిన్ సైన్యం తమకు చిక్కిన ఒక ఓర్లాన్‌ను కెమెరా ముందు విప్పి చూపించింది. లోపల దుకాణంలో దొరికే కెనాన్ డీఎస్ఎల్ఆర్ కెమెరా, పెట్రోలు ట్యాంకుకు నీళ్ల బాటిల్ మూత లాంటి మూత. ఇంజిన్ జపాన్ వాళ్ల సైటో, బొమ్మ విమానాలకు వాడేది. చాలామంది ఆ వీడియో చూసి నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. ఆ మూత పెట్టుకునే అది గంటల తరబడి పైన తిరుగుతూ కింద ఎవరెక్కడున్నారో ఫిరంగులకు చెప్పేది. దాన్ని కూల్చడానికి దానికన్నా ఖరీదైన మిసైల్ ఖర్చుపెట్టాల్సి వచ్చేది. వస్తువుగా అందంగా లేకపోవచ్చు, కానీ ఉన్న సరుకుతో చేయాల్సిన పని చేసిపెట్టింది. అయితే మా వాడి వీపుకు ఇది ఎక్కదు, వాహనం కావాలి, విసరడానికి చోటు కావాలి. అందుకే నా కొలతలో ఇది వెనకబడుతుంది.

అసలు ఈ రష్యా, ఉక్రెయిన్ యుద్ధంలో అందరి లెక్కలూ తలకిందులు చేసింది మాత్రం మిలిటరీ డ్రోనే కాదు. చైనా కంపెనీ డీజేఐ వాళ్ల మావిక్ 3. పెళ్లిళ్లలో తలంబ్రాల టైముకు నెత్తిమీద గుయ్‌మని తిరిగేది ఉంటుంది చూడండి, అదే. మా ఊళ్లో వీడియోలు తీసే స్నేహితుడి దగ్గర ఒకటుంది. 895 గ్రాములు, మడతపెడితే పెద్ద టిఫిన్ డబ్బా అంత. గాలి లేనిచోట 46 నిమిషాలు అని పెట్టె మీద లెక్క, వాడు అరగంట దాటితే దింపేస్తాడు. జూమ్ చేస్తే చెరువు అవతలి గట్టు మీద ఎవరి చొక్కా ఏ రంగో కనిపిస్తుంది. సంచిలోంచి తీసి నిమిషంలో ఎగరేయొచ్చు. ఇలాంటివి ఉక్రెయిన్, రష్యా రెండువైపులా వేలకు వేలు వాడారు, చాలావరకు మామూలు జనం చందాలు వేసుకుని కొనిచ్చినవి. డీజేఐ అయితే తమ వస్తువు యుద్ధానికి కాదంటూ 2022 ఏప్రిల్‌లో రెండు దేశాల్లోనూ వ్యాపారం ఆపేసింది. అయినా సరుకు ఆగలేదు.

వాటి బతుకెంత అంటే, లండన్‌లోని రూసీ అనే రక్షణ పరిశోధన సంస్థ 2022 చివర్లో ఒక నివేదిక ఇచ్చింది. యుద్ధం మొదటి నెలల్లో నాలుగు రెక్కల డ్రోన్ సగటున మూడుసార్లు ఎగిరేసరికి పోయేది, విమానం ఆకారంలోవి ఆరుసార్లు. 2023లో అదే సంస్థ, ఉక్రెయిన్ నెలకు దాదాపు 10,000 డ్రోన్లు పోగొట్టుకుంటోందని రాసింది. ఈ రెండు అంకెలు చదివాక నా ఆలోచన మారిపోయింది. నేను నా డ్రోన్‌ను పసిపిల్లలా చూసుకుంటాను, మెత్తటి గుడ్డతో తుడుస్తాను. అక్కడ అది తూటా లాంటిది, ఖర్చైపోయే సరుకు. అలాంటప్పుడు ఎంత గొప్పదన్న ప్రశ్న కన్నా, రేపు ఇంకొకటి దొరుకుతుందా అన్న ప్రశ్నే పెద్దది.

ఆ ప్రశ్న దగ్గరే అమెరికా డ్రోన్ కంపెనీ స్కైడియో ఇబ్బంది పడింది. చెట్ల కొమ్మల మధ్య కూడా తనంతట తాను తప్పుకుంటూ ఎగరడంలో వీళ్లకు మంచి పేరుంది, అమెరికా సైన్యం కూడా ఎంచుకుంది. కానీ వీళ్ల పాత మోడల్ ఉక్రెయిన్ జామింగ్ ముందు నిలవలేదు, ఆ మాట కంపెనీ అధిపతే ఒప్పుకున్నారు. ఒప్పుకుని, ఉక్రెయిన్ వెళ్లి నేర్చుకుని, ఫ్రీక్వెన్సీలు మార్చుకోగలిగే ఎక్స్10డీ అనే కొత్త మోడల్ తెచ్చారు. అక్కడిదాకా మెచ్చుకోవాల్సిందే. అంతలో 2024 అక్టోబరులో చైనా ఈ కంపెనీ మీద ఆంక్షలు పెట్టేసరికి బ్యాటరీలకు కటకట వచ్చి, డ్రోన్‌కు ఒక్క బ్యాటరీ చొప్పున ఇచ్చే పరిస్థితి. ఒక్క బ్యాటరీతో డ్రోన్! మాలాంటి వాళ్లను అడగండి, ఒక్క బ్యాటరీతో పనికి వెళ్లడమంటే ఏంటో.

ఫ్రెంచి వాళ్ల పారట్ అనాఫీ యూఎస్‌ఏ గురించి త్వరగా చెప్పేస్తాను: అర కిలో, 32 నిమిషాలు, చప్పుడు తక్కువ, థర్మల్ ఉంది, ఫ్రాన్స్ సైన్యం 2021లో కొన్ని వందలు తీసుకుంది. బాగుంది, ధర ఎక్కువ. తుర్కియేది బైరక్తార్ మినీ. ఇప్పుడు టీబీ2 అనే పెద్ద దాడి డ్రోన్‌తో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న కంపెనీ మొదట సైన్యానికి అమ్మింది ఈ చేత్తో విసిరే నాలుగున్నర కిలోల బుల్లి విమానాన్నే, 2007లో. ఇజ్రాయెల్ వాళ్ల స్కైలార్క్ ఇంకాస్త బరువు, మూడు గంటలు ఎగిరే రకం, చాలా దేశాలు కొన్నాయి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మన సైన్యానికి ఉన్న కష్టం చాలా ప్రత్యేకమైనది: ఎత్తు, చలి. 4,500 మీటర్ల ఎత్తులో గాలి సాంద్రత సముద్ర మట్టంతో పోలిస్తే మూడింట రెండొంతుల కన్నా తక్కువ. రెక్కకు పట్టు దొరకదు, ఫ్యాన్లు ఇంకా గట్టిగా తిరగాలి, బ్యాటరీ ఇంకా తొందరగా అయిపోతుంది. పైగా ఆ చలికి లిథియం బ్యాటరీ సగం చచ్చిపోతుంది. మా తమ్ముడు చెప్పాడు, అక్కడ బ్యాటరీలను జాకెట్ లోపల ఒంటికి ఆనించి పెట్టుకుంటారట, చంటిబిడ్డను పొత్తిళ్లలో పెట్టుకున్నట్టు. అందువల్ల మైదానంలో బ్రహ్మాండంగా ఎగిరే విదేశీ డ్రోన్ లద్దాఖ్‌లో కూడా అలాగే ఎగురుతుందని బ్రోచర్ చూసి నమ్మడానికి లేదు.

నవీ ముంబైకి చెందిన ఐడియాఫోర్జ్ స్విచ్ ఈ కష్టం మనసులో పెట్టుకుని చేసింది. దాదాపు ఆరున్నర కిలోలు, నాలుగు ఫ్యాన్లతో నిలువుగా లేచి, పైకెళ్లాక విమానంలా రెక్కల మీద సాగిపోతుంది. రెండు గంటలు, 15 కిలోమీటర్లు. నిలువుగా లేవడం, నిలువుగా దిగడం అంటే కొండ మీద చాప పరిచినంత చోటు చాలు, రెక్కల మీద సాగడం అంటే బ్యాటరీ మిగులుతుంది. మొక్కజొన్న చేలో రెక్క చీల్చుకున్న నాకు ఈ డిజైన్ ఎంత నచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. 2021 జనవరిలో మన సైన్యం సుమారు 2 కోట్ల డాలర్ల ఆర్డర్ ఇచ్చింది. హైదరాబాద్ వాటా కూడా ఉంది ఇందులో: సైయెంట్, ఇజ్రాయెల్ వాళ్ల బ్లూబర్డ్ కలిసి పెట్టిన సంస్థ స్పైలైట్ అనే మినీ డ్రోన్ ఆర్డర్‌ను 2018లో ఆర్మీ నుంచి తెచ్చుకుంది, అదీ ఎత్తైన ప్రాంతాల కోసమే. విసిరే యంత్రంతో లేస్తుంది, పారాచూట్, గాలి దిండు సాయంతో దిగుతుంది.

అంతా బాగానే ఉందని మాత్రం రాయలేను. 2024 ఆగస్టులో శిక్షణలో ఉన్న మన ఆర్మీ మినీ డ్రోన్ ఒకటి సాంకేతిక లోపంతో అదుపు తప్పి, జమ్మూ కశ్మీర్‌లోని భీంబర్ గలీ ఎదురుగా నియంత్రణ రేఖ దాటి పాకిస్తాన్ వైపు పోయిందని సైన్యమే ప్రకటించింది. చైనా విడిభాగాల గొడవ ఇంకొకటి. సైన్యానికిచ్చే డ్రోన్లలో అవి ఉండకూడదని ప్రభుత్వం నిబంధన పెట్టిందని 2023లో వార్తలొచ్చాయి. 2025 ఫిబ్రవరిలో ఆ కారణంగానే 400 డ్రోన్ల కాంట్రాక్టులు రద్దయ్యాయి. అవి సామాన్లు మోసేవే, నిఘావి కావు, కానీ మోటారు, రేడియో, డ్రోన్‌ను నడిపించే ఫ్లైట్ కంట్రోలర్ బోర్డు ఎక్కడివన్న ప్రశ్న రెండింటికీ ఒకటే. రద్దు చేయడం వంద శాతం కరెక్ట్. నా డ్రోన్‌లో మోటారు కాలిపోతే ఆ విడిభాగం కోసం ఐదు వారాలు ఎదురుచూశాను, పని పోయింది అంతే. అక్కడ ఐదు వారాలంటే ఐదు వారాల పాటు మళ్లీ మనిషే కొండెక్కాలి.

కాబట్టి నా ఎంపిక ఇది. ఇళ్ల మధ్య, సందుల్లో పనైతే బ్లాక్ హార్నెట్‌కు పోటీ లేదు. మా తమ్ముడున్న లాంటి చోటికైతే స్విచ్ లాంటి నిలువుగా లేచి రెక్కల మీద సాగేదే ఇస్తాను, జీపీఎస్ పోయినా తిరిగొచ్చే తెలివితో, లోపలి బోర్డు మనదే అయ్యుండి. దాంతోపాటు పోయినా దిగులుపడక్కర్లేని కిలో లోపు చిన్నవి ఐదారు కూడా ఉండాలి, మొదట పంపాల్సింది వాటినే.

ఆ సంక్రాంతికి వాడికి నా డ్రోన్ ఇచ్చి ఎగరేయమన్నాను. బొమ్మ ఎంత క్లియర్‌గా ఉందో చూస్తాడనుకున్నాను. వాడు స్క్రీన్ వైపు పెద్దగా చూడలేదు. పెట్టె మూత తీసిన దగ్గర్నుంచి అది గాల్లోకి లేచేదాకా ఎంతసేపు పట్టిందో వాచీలో చూసుకున్నాడు, నాలుగు నిమిషాలు. "ఎక్కువ అన్నయ్యా" అన్నాడు. దింపాక పెట్టెలోకి వంగి చూసి, "బ్యాటరీలు ఇంకా ఎన్నున్నాయి?" అని అడిగాడు.